నల్ల శనగలా, కాబూలీ శనగలా? దేనిలో ఖనిజాలు ఎక్కువ?

రంజాన్ వచ్చిందంటే ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద చనా ఉండాల్సిందే. మామూలు రోజుల్లోనూ శనగలు, శనగపప్పు వాడని ఇల్లు ఉండదు. మరి కొనేటప్పుడు ఏ రకం తీసుకోవాలి? తెల్లగా, లావుగా, ఖరీదుగా ఉండే కాబూలీ శనగల్లోనే బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

రెండు రకాలు

శనగల్లో ప్రధానంగా రెండు రకాలు. దేశీ రకం గింజ చిన్నది, గోధుమ రంగు లేదా నలుపు, పొట్టు మందం. కాబూలీ గింజ పెద్దది, పొట్టు చాలా పలచన. ఆంధ్రలో రైతులు విరివిగా వేసే జేజీ 11 దేశీ రకమే.

కాల్షియం పొట్టులోనే

శనగ గింజలోని కాల్షియంలో పెద్ద భాగం పొట్టులో ఉంటుంది. అందుకే పొట్టుతో తింటే నల్ల శనగల్లో కాబూలీ కంటే కాల్షియం ఎక్కువ దొరుకుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పొట్టు శనగల్లో కాల్షియం సుమారు 150 మిల్లీగ్రాములు. పొట్టు తీసిన శనగపప్పులో అది 46 దగ్గరికి పడిపోతుంది. పొట్టు లేని పుట్నాల సంగతీ అంతే.

ఇనుము, జింకు

ఇవి ఎక్కువగా లోపలి పప్పులోనే ఉంటాయి. అదే పట్టికల్లో ఇనుము శనగల్లో 6.8, పప్పులో 6.1 మిల్లీగ్రాములు. అంటే పెద్ద తేడా లేదు. ఇనుము, జింకు విషయంలో రంగు చూసి రకాన్ని తేల్చలేం. వంగడం, పండిన నేలను బట్టి ఒకే రకంలోనూ అంకెలు మారతాయి.

తిన్నదంతా ఒంటికి పట్టదు

ఆడవాళ్లకు రోజుకు 29, మగవాళ్లకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన దేశ సిఫారసు. 50 గ్రాముల శనగల్లో ఉండేది 3.4 మాత్రమే. అందులోనూ కొంతే ఒంటికి పడుతుంది. గింజలోని ఫైటేట్ దాన్ని అడ్డుకుంటుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు ఇది ముఖ్యమైన విషయం. శనగలు మంచివే గానీ, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలకు బదులు కావు.

ఇంట్లో చేయాల్సినవి

• శనగలు రాత్రంతా నానబెట్టండి. ఫైటేట్ కొంత తగ్గుతుంది.
• ఉడికించిన నీళ్లు పారబోయకుండా చారులోనో సాలన్‌లోనో కలపండి. ఖనిజాలు కొన్ని అందులోకి దిగుతాయి.
• తినేముందు నిమ్మరసం పిండుకోండి. విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.
• చనా తిన్న వెంటనే చాయ్ వద్దు. కనీసం గంట ఆగండి.

కాబూలీ రుచి కోసం కొనుక్కోండి, తప్పులేదు. బలం కోసమైతే మాత్రం పొట్టుతో ఉన్న నల్ల శనగలు చాలు. జేబుకూ భారం తక్కువ.