ఖరగ్‌పూరు వీధులలో రెండు చక్రముల బండి

రాజులు నిర్మించిన పట్టణములకు కోటలతో చరిత్ర మొదలగును. రైలు నిర్మించిన పట్టణములకు అది చక్రములతోనే మొదలగును. ఖరగ్‌పూరు అట్టి పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి ఇచట జంక్షనును నెలకొల్పెను. పిదప గొప్ప కర్మాగారము వెలసెను. వాల్తేరునుండి కటకమువరకు గల తూర్పుతీరపు మార్గము 1902లో ఆ కంపెనీకి సంక్రమించుటతో విశాఖపట్టణ, శ్రీకాకుళ ప్రాంతముల తెలుగువారికి ఖరగ్‌పూరు దూరదేశము కాకపోయెను. జీవనోపాధికై వచ్చి స్థిరపడినవారి సంతతి నేటికిని అచట కలదు.

1,072 మీటర్ల పొడవుగల ప్లాట్‌ఫారము చాలకాలము ఈ స్టేషనునకు ప్రపంచఖ్యాతి తెచ్చినది. అంతటి స్టేషనునకు ఇరువైపుల వ్యాపించిన ఊరిలో కాలినడక చాలదు. ఆ కొరతను తీర్చినది సైకిలు.

ఈ సైకిలు కథ గమనింపదగినది. 1817లో జర్మనీ దేశస్థుడు కార్ల్ డ్రైస్ నిర్మించిన బండికి తొక్కుడు పలకలు లేవు; కాళ్లతో నేలను తన్నుచు సాగవలెను. తరువాత వచ్చిన ఎత్తు చక్రపు బండిమీదినుండి పడినవాడు తలక్రిందుగా పడెడివాడు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానము చేసి, గొలుసు నమర్చి, ఆసనమును క్రిందికి దించెను. అట్టి బండికి లోకము పెట్టిన పేరు 'సేఫ్టీ బైసికిలు', అనగా క్షేమమైన సైకిలు. 1888లో డన్‌లప్ గాలి టైరు నిచ్చుటతో అది సుఖవాహనము కూడ నయ్యెను.

స్వాతంత్ర్యానంతరము పశ్చిమ వంగమునందే ఆసన్‌సోలువద్ద సెన్-రాలీ కర్మాగారము సైకిళ్లను తయారుచేసినది. ఆ రోజులలో తెలుగునాట అల్లునికి వాచీ, సైకిలు, రేడియో ముచ్చటైన కానుకలు. ఖరగ్‌పూరులో 1951లో వెలసిన సాంకేతిక విద్యాలయపు ఆవరణలోను విద్యార్థుల వాహనము సైకిలే. ఇద్దరు మిత్రులు ప్రక్కప్రక్కన తొక్కుచు సంభాషించుట, భార్యను వెనుక కారియరుపైనను బిడ్డను ముందు కడ్డీపైనను కూర్చుండబెట్టుకొనుట, చుట్టు తగ్గునని ఎదురు దిక్కున పోవుట అలవాటులైనవి. వీనివలన పడినవారికి మోకాలి చర్మము లేచెడిది, గృహిణి పసుపు అద్దెడిది, అంతటితో సరిపోయెడిది.

యుద్ధానంతరము 1946లో ఇటలీలో వెస్పా స్కూటరు జన్మించెను. మన దేశమున 1950 దశకములో బొంబాయినుండి లాంబ్రెటా, తరువాత పూనానుండి బజాజ్ వారి స్కూటరులు వెలువడినవి. డబ్బు కట్టి సంవత్సరముల తరబడి వేచియుండవలసిన కాలమది. 1972లో చేతక్ వచ్చెను. 1980 దశకములో జపాను సహకారముతో తక్కువ పెట్రోలుతో నడచు మోటారు సైకిళ్లు వచ్చిన పిమ్మట సామాన్యుని ఇంటిముందు సైకిలు స్థానమును యంత్రము ఆక్రమించినది. కాని వాహనము మారినంత త్వరగా అలవాటు మారలేదు. పూర్వపు సైకిలుమీది స్వేచ్ఛయే యంత్రముమీదికిని ఎక్కినది.

ఈ మార్పునకు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ మంచి నిదర్శనము. 1820లో మేదినీపురపు సీమలోని బీర్‌సింహ గ్రామమున జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేర వెలసిన ఈ పారిశ్రామిక వాటికలో టాటా హిటాచీ వంటి సంస్థలు భారీ యంత్రములను నిర్మించుచున్నవి. రైలు కర్మాగారము ఊరి నడుమ నున్నది. ఈ వాటిక ఊరి వెలుపల, జాతీయ రహదారుల చెంత నున్నది. గోల్‌బజారు రద్దీలో నెమ్మదిగా సాగిన బండియే, అరగడియలో లారీల నడుమ వేగముగా పోవలసివచ్చును. ఖరగ్‌పూరును తాకుచు పోవు 16వ నంబరు రహదారియే విశాఖపట్టణము, విజయవాడల మీదుగా మదరాసు చేరును. కనుక ఇది ఒక్క ఊరి సమస్య కాదు.

గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలుకంటె 60 కిలోమీటర్లతో పోవు బండి నాలుగింతలు వేగము గలది. కాని ఆ రౌతు శరీరము తాకిడిలో భరింపవలసిన శక్తి పదునారింతలు. పసుపుతో మానెడి గాయము కాదది.

ఈ సత్యమును లోకము ఒక మరణమువలన నేర్చినది. 1935 మే నెలలో, సైకిళ్లమీద పోవుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి 'అరేబియా లారెన్సు' మోటారు సైకిలునుండి పడి, ఆరు దినములు స్పృహలేక మరణించెను. ఆయనను పరీక్షించిన వైద్యులలో నొకడైన హ్యూ కెయిరన్స్ తల గాయములను పరిశోధించి, 1941లో శిరస్త్రాణపు ప్రయోజనమును నిరూపించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు దానిని నిర్బంధము చేసెను.

మన 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము శిరస్త్రాణమును విధించినది. 2019 సవరణ జరిమానాను వేయి రూపాయలు చేసినది. 2016లో పశ్చిమ వంగమున, శిరస్త్రాణము లేనివారికి పెట్రోలు పోయరాదను నియమము వచ్చెను. ఎరువు తెచ్చుకొన్న శిరస్త్రాణము పెట్రోలును తెచ్చునేగాని ప్రాణమును కాపాడదు. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే. శిరస్త్రాణము ధరింపక మరణించినవారు ఏబదివేలకు పైబడిరి.

ఇక సైకిలువారిని మరువరాదు. 2013 నాటికి కలకత్తాలో 174 వీధులలో సైకిళ్లను నిషేధించిరి. 2015 నుండి అదే రాష్ట్రప్రభుత్వము బడిపిల్లలకు సైకిళ్లను పంచినది. ఇచ్చిన సైకిలునకు త్రోవయు నీయవలెను. రహదారి ప్రక్కన వేరు బాట, కూడలులలో దీపములు పాలకుల విధి. ఐ.ఎస్.ఐ. ముద్రగల శిరస్త్రాణమును తలకు పెట్టి పట్టీ బిగించుట, వెనుక కూర్చున్నవారికిని ఒకటి యిచ్చుట, ఎదురు దిక్కున పోకుండుట గృహస్థుని విధి.

'క్షేమము' అను పేరుతో పుట్టిన వాహనపు సంతతి యిది. ఆ పేరును నిలుపుట యంత్రము చేతిలో లేదు. ప్రొద్దుననే టిఫిను డబ్బా తగిలించుకొని బయలుదేరువాని చేతిలో నున్నది.