ఒక్క గీత ఆరిపోతే...

మిర్యాలగూడ దగ్గర వాడపల్లి ఎప్పుడైనా వెళ్ళారా? కృష్ణలో మూసీ కలిసే చోటు. అక్కడి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం దగ్గరది ఆయన ఊపిరి తగిలి రెపరెపలాడుతుందంటారు. పాదాల దగ్గరది కదలకుండా వెలుగుతుంది.

వాటిని చూస్తూ మా అత్తగారు, "ఆ ఆసుపత్రి అంకెలకన్నా ఈ దీపాలే నయమమ్మా. ఆరిపోతే ఆరిపోయిందని తెలుస్తుంది," అన్నారు.

ఆవిడ కోపానికి కారణముంది. కిందటి నెల కంటి పరీక్షకని ఓ ఆసుపత్రికి వెళ్ళాం. మా చీటీ నంబరు 48. మేము మేడెక్కేసరికి గోడమీద ఎర్ర అంకెలు 40 అని చూపిస్తున్నాయి. ఇంకా ఎనిమిదిమంది ఉన్నారుగదా అని కాఫీకి వెళ్ళొచ్చాం. వచ్చేసరికి 50! ఎనిమిది అంకెలో నడిమి గీత వెలగక సున్నా అయి కూర్చుంది. వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారమంతా ఆవిడ కంటి బాధ చూడలేకపోయాను.

ఈ గీతల అంకెలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. అమెరికాలో ఫ్రాంక్ వుడ్ అనే ఆయనకు 1910లోనే ఇలాంటి వాటికి పేటెంటు వచ్చింది. ఆయనవి ఎనిమిది గీతలు; నాలుగు అంకెకోసం ఓ ఏటవాలు గీత అదనం. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రగా వెలిగే బుల్లి ఎల్.ఇ.డి. దీపం చేశాక, పదేళ్ళకల్లా అవి చేతి గడియారాల్లోకీ, కాలిక్యులేటర్లలోకీ వచ్చేశాయి.

ఇంజనీరయిన మా మేనల్లుడు లోగుట్టు చెప్పాడు. నాలుగంకెలకు ఏడేసి గీతలంటే ఇరవై ఎనిమిది తీగలు కావాలి. అంత పీచు ఎందుకని, ఒక్కో అంకెనే వెలిగించి ఆర్పుతూ పోతారట. సెకనుకు వందసార్లు తిరిగొస్తే మన కంటికి నాలుగూ నిలకడగా ఉన్నట్టే! అప్పుడు పదకొండు తీగలు చాలు. ఇంకా తగ్గించాలంటే షిఫ్ట్ రిజిస్టర్ ఉంది. సంతర్పణలో విస్తళ్ళు చేతినుంచి చేతికి అందించుకున్నట్టు, వెలుగో చీకటో అనే కబురును ఒక గడినుంచి పక్క గడికి జరుపుతుంది. అందరికీ చేరాక గంట కొడితే ఒక్కసారే చూపిస్తాయి. యుద్ధకాలంలో ఇంగ్లండులో శత్రువుల రహస్య సంకేతాలు విప్పిన కొలోసస్ యంత్రంలోనే ఈ పద్ధతి ఉంది. మైక్రోకంట్రోలర్ అనే బుల్లి బుర్రకు ఇక మూడు తీగలు సరిపోతాయి.

బుర్ర పంపింది సరిగ్గానే పంపుతుంది. గీత వెలిగిందో లేదో దానికి తెలియదు. అదీ చిక్కు. ఎనిమిదిలో కుడి పైగీత పోతే ఆరు, ఎడమ కిందిగీత పోతే తొమ్మిది. అబద్ధమైనా అంకె అంకెలాగే ఉంటుంది.

1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేశారు, ఫ్లోరైడు నీళ్ళ గోడు దేశానికి వినిపించాలని. ఓటుకాగితం పుస్తకమంత అయింది. ఆ 480లో నడిమి గీత ఆరితే 400! ఎనభైమంది గోడు గల్లంతు. 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటా ఓటింగు యంత్రాలే వచ్చాయి. వాటిని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి 1967లో హైదరాబాదులో వెలిసిన ఈసీఐఎల్. అంకెను నమ్మడమంటే అంత పెద్ద మాట.

దీనికి మందు సులువేనట. స్విచ్చి వేయగానే అన్నిటా ఎనిమిదులు వెలిగించి చూడడం. అన్ని గీతలూ ఉంటేనే ఎనిమిది.

మళ్ళీ వారం ఆసుపత్రిలో అత్తగారు కౌంటరు దగ్గర అమ్మాయితో, "ముందు ఎనిమిదులు చూపించు తల్లీ, ఆ తర్వాతే నా చీటీ," అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, బల్లెక్కి బోర్డు స్విచ్చి ఆర్పి వేసింది. ఎనిమిదులు వెలిగాయి. ఒకదానికి నడుము లేదు!