ఆగిన కారు – తెగిన వలయం

ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ఈ ఊరినుంచి గద్వాలకు పోయే బాట జూరాల ఆనకట్టమీదుగా కృష్ణానదిని దాటుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఆ బాటమీద పోతున్న ఒక పెట్రోలు కారు ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. ట్యాంకులో పెట్రోలు ఉంది. అంతవరకు ఇంజను చక్కగానే నడిచింది. అరగంట గడిచాక తాళంచెవి తిప్పితే, ఏమీ జరగనట్టు మళ్ళీ కదిలింది. ఇటువంటి కారును మరునాడు మెకానిక్కుకు చూపిస్తే దోషం దొరకదు. అనుమానంకొద్దీ ఒక్కొక్క భాగాన్నే మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది గాని జబ్బు మిగిలే ఉంటుంది. వెనుక లారీ వస్తుండగా మళ్ళీ ఆగితే ప్రాణానికే ముప్పు. ఈ చిక్కు నేటిది కాదు. మోటారు కారు పుట్టినప్పుడే ఇదీ పుట్టింది.

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండరులో అదిమినప్పుడు, సరియైన క్షణంలో ఒక నిప్పురవ్వ దానిని అంటించాలి. ప్రతి సిలిండరుకు రెండు భ్రమణాల కొక రవ్వ కావాలి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే నిమిషానికి 6000, అనగా సెకనుకు 100 రవ్వలు పుట్టాలి. రవ్వలు పుట్టకపోతే ఇంజను ఆ క్షణమే ఆగుతుంది. పెట్రోలు చాలకపోతే మాత్రం సాధారణంగా ముందు ఇంజను దగ్గుతుంది, లాగే శక్తి తగ్గుతుంది, తర్వాత ఆగుతుంది. కాబట్టి రోగనిర్ణయంలో మొదటి ప్రశ్న "ఎందుకు ఆగింది?" అన్నది కాదు, "ఎట్లా ఆగింది?" అన్నది. దీపం ఆర్పినట్టు ఆగితే, విద్యుద్వలయం ఎక్కడో తెగిందని మొదట అనుమానించాలి.

రవ్వ పుట్టుక

1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. జూరాల జలవిద్యుత్కేంద్రంలో 39 మెగావాట్ల యంత్రాలు ఆరు ఏ సూత్రాన్నిబట్టి పనిచేస్తున్నాయో, కారులోని కాయిలు కూడా ఆ సూత్రాన్నిబట్టే పనిచేస్తుంది. లావుపాటి తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తును హఠాత్తుగా ఆపితే, దానిమీద వేల చుట్లు చుట్టిన సన్నని తీగలో మిక్కిలి హెచ్చు వోల్టేజి పుడుతుంది. 1836లో ఐర్లండు దేశీయుడు నికొలాస్ కల్లన్ ఇటువంటి ప్రేరణచుట్టను నిర్మించాడు. 1860లో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో మిశ్రమాన్ని అంటించడానికి దీనిని వాడుకున్నాడు.

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరాడు. ఆ బండిలోనూ బ్యాటరీ, ప్రేరణచుట్ట ఉన్నాయి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకుండా మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు 104 కిలోమీటర్లు ఆ బండిమీద ప్రయాణం చేసింది. దారిలో రవ్వను తీసుకుపోయే తీగమీది పొర అరిగిపోతే, మేజోడును బిగించే పట్టీని దానికి చుట్టి ముందుకు సాగిందని చెబుతారు. ప్రపంచంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణంలోనే విద్యుద్దోషాన్ని గుర్తించి సరిచేయవలసి వచ్చిందన్నమాట.

ఆనాటి బ్యాటరీలు త్వరగా నీరసించేవి. 1902లో బాష్ కర్మాగారంలో గోట్లోబ్ హోనోల్డ్ రూపొందించిన హెచ్చు వోల్టేజి మాగ్నెటో, ఇంజను భ్రమణంతోనే విద్యుత్తును పుట్టించి బ్యాటరీ అవసరాన్ని తప్పించింది. కాని ఇంజనును చేతితో మెల్లగా తిప్పేటప్పుడు మాగ్నెటో రవ్వ బలహీనంగా ఉండేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ మళ్ళీ బ్యాటరీనే ఆశ్రయించాడు. ఆయన జ్వలనపద్ధతి 1910 నమూనా కాడిలాక్ కార్లలోను, విద్యుత్ స్టార్టరు 1912 నమూనాలోను వచ్చాయి. బ్యాటరీ, స్విచ్చి, కాయిలు, పాయింట్లు, కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గులు – ఈ వరుస తర్వాత అరవై సంవత్సరాలకు పైగా కార్లలో నిలిచింది.

మన బాటల మీద

హైదరాబాదు సంస్థానంలో 1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని ప్రారంభించింది. 1959లో ఆత్మకూరుకు పొరుగున ఉన్న వనపర్తిలో రాజప్రాసాదమే పాలిటెక్నిక్ అయింది. 1957 ప్రాంతంలో వచ్చిన అంబాసిడర్ కారు 2014 వరకు తయారైంది. మోటారు మరమ్మతు నేర్చినవారు దానిమీద రెండు రోగాలను వేరుచేసి చూడవలసివచ్చేది. రెండూ ఎండలోనే వస్తాయి; రెండూ చల్లబడితే పోతాయి.

మొదటిది పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ప్రవాహానికి అడ్డుపడటం. దీనికి పెట్రోలు పంపుమీద తడిగుడ్డ వేయడం వాడుక. రెండవది కాయిలు దోషం. వేడికి లోపలి తీగ వ్యాకోచించి, బలహీనమైన అతుకు విడిపోతుంది. చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. కాయిలు చెడిన కారుకు పంపుమీద తడిగుడ్డ వేసినా కొంతసేపటికి అది కదులుతుంది. కాని నయం చేసింది గుడ్డ కాదు, గడిచిన కాలం. తప్పుడు వైద్యం ఫలించినట్టు కనబడటం ఇట్లాగే. అందుచేత దోషం ఉన్నప్పుడే, కారు చల్లారకముందే పరీక్షించాలి.

పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. అవి మాడినా, కండెన్సరు చెడినా రవ్వ క్షీణించేది. ఈ అరుగుదలను తప్పించడానికి ట్రాన్సిస్టరు వచ్చింది. 1973 నమూనా కార్లలో అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ ఎలక్ట్రానిక్ జ్వలనాన్ని సాధారణ పద్ధతిగా చేసింది. మన దేశంలో 2000 ప్రాంతంలో మారుతి 800లో కూడా కార్బురేటరు పోయి, కంప్యూటరు నడిపే ఇంధన ప్రక్షేపణం వచ్చింది. ఇప్పుడు క్రాంకుషాఫ్టు ఎక్కడ ఉన్నదో ఒక సెన్సరు తెలిపితేనే కంప్యూటరు రవ్వను, పెట్రోలును పంపుతుంది. ఆ సెన్సరు వేడికి మూగబోతే ఇంజను ఠక్కున ఆగుతుంది, చల్లారితే మళ్ళీ నడుస్తుంది. పాత కాయిలు రోగమే కొత్త అవయవంలో తిరిగి పుట్టింది!

వరుస తప్పని పరీక్ష

కారు ఆగగానే ముందు దానిని బాట అంచుకు చేర్చి, హెచ్చరిక దీపాలు వెలిగించాలి. కదులుతున్న కారులో తాళంచెవి తీయకూడదు. తీస్తే స్టీరింగు బిగుసుకుపోవచ్చు. తర్వాత దీపాలను గమనించాలి. అన్నీ ఒక్కసారిగా ఆరిపోతే దోషం మూలంలో ఉంది: బ్యాటరీ కొనలు, ఎర్తు తీగ, ప్రధాన ఫ్యూజు, స్విచ్చి. డ్యాషుబోర్డు దీపాలు వెలుగుతూ ఇంజను మాత్రమే ఆగితే, దోషం కాయిలు, సెన్సరు, పెట్రోలు పంపు రిలే వంటి శాఖల్లో ఉంది. కారు ఇంకా దొర్లుతుండగానే ఇంజను వేగం చూపే ముల్లు సున్నకు పడిపోతే క్రాంకు సెన్సరు వలయాన్ని అనుమానించవచ్చు.

ఆపైన వోల్టుమీటరుతో వలయం మధ్యలో చూడాలి. అక్కడ వోల్టేజి ఉంటే వెనుక సగం మంచిది. లేకుంటే దోషం అక్కడే. ఈ విధంగా ప్రతిసారీ సగం తగ్గుతుంది. 1827లో ఓమ్ ప్రకటించిన నియమం ఇక్కడ ఉపయోగిస్తుంది. స్టార్టరు 150 ఆంపియర్లు లాగుతున్నప్పుడు తుప్పుపట్టిన అతుకులో 0.02 ఓము నిరోధం ఉన్నా 3 వోల్టులు అక్కడే పోతాయి. కంటికి బాగున్నట్టు కనిపించే అతుకే దొంగ కావచ్చు.

కారు కంప్యూటరు దోషసంకేతాలను దాచి ఉంచుతుంది. పి 0335 అనే సంకేతానికి అర్థం క్రాంకు సెన్సరు వలయంలో లోపం ఉన్నదని. సెన్సరే చెడిందని కాదు. తీగ తెగినా, జోడింపు వదులైనా అదే సంకేతం వస్తుంది. ప్లగ్గు తీగను ఇంజనుకు దగ్గరగా పట్టి రవ్వను చూసే పాత అలవాటు ఇప్పుడు తగదు. నేటి కాయిళ్ళ వోల్టేజి మనిషికీ, కంప్యూటరుకూ హానికరం. కాలిన ఫ్యూజు స్థానంలో లావు తీగ పెట్టడం కారుకు నిప్పు పెట్టడంతో సమానం.

ఉపాధ్యాయులు ఒక బ్యాటరీ ఘటం, చిన్న బల్బు, స్విచ్చి, నాలుగు తీగలతో వలయం కట్టి, విద్యార్థులకు తెలియకుండా ఒక అతుకును వదులు చేసి, దానిని వెతకమని చెప్పవచ్చు. ఊహించేవాడు ఒక్కొక్కటిగా సామాను మారుస్తాడు. వలయాన్ని అనుసరించేవాడు నాలుగు కొలతలలో దోషాన్ని చేరుకుంటాడు. జూరాల బాటమీద ఆగిన కారులో ఉన్నదీ ఆ వలయమే, కొంత పెద్దది.