నల్ల దిమ్మలో దాచిన ఫిల్టర్: మూగ్, ఆర్ప్ గొడవ

ఈరోజు ఒక నల్ల దిమ్మ గురించి మాట్లాడుకుందాం. కింద పిన్నులుంటాయి, మిగతాదంతా గట్టిపడిన ఎపాక్సీ. లోపల సర్క్యూట్ ఏంటో పైకి కనపడదు. పేరు 4012. అమెరికన్ కంపెనీ ఆర్ప్, 1971లో వచ్చిన తన 2600 సింథసైజర్‌లో పెట్టిన ఫిల్టర్ ఇది.

దీని కథ తెలియాలంటే ముందు బాబ్ మూగ్ దగ్గరికి వెళ్లాలి. సింథసైజర్‌లో ఆసిలేటర్ ఇచ్చే శబ్దం పచ్చిగా, గరగరలాడుతూ ఉంటుంది. ఫిల్టర్ అందులో పై ఫ్రీక్వెన్సీలను తీసేసి మెత్తగా చేస్తుంది. ఎక్కడి నుంచి తీసేయాలో ఆ పాయింటే కటాఫ్. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రుమన్స్‌బర్గ్‌లో మూగ్ చేసిన ఫిల్టర్ అచ్చం నిచ్చెనలా ఉంటుంది. నాలుగు మెట్లు. ఒక్కో మెట్టుకి రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్. నిచ్చెనలో పారే కరెంటు పెంచితే కటాఫ్ పైకి పోతుంది, తగ్గిస్తే కిందికొస్తుంది. పై మెట్టు నుంచి కొంత సిగ్నల్‌ని మళ్లీ మొదటికి పంపితే కటాఫ్ దగ్గరి శబ్దం పైకి తేలుతుంది. మరీ ఎక్కువ పంపామా, ఫిల్టరే ఈల వేస్తుంది! బీటెక్‌లో మనం ట్రాన్సిస్టర్ అంటే స్విచ్, యాంప్లిఫయర్ అని బట్టీ పట్టాం. ఆయన దాన్ని కరెంటుతో మారే రెసిస్టర్‌లా వాడారు. 1966లో పేటెంట్‌కి అప్లై చేస్తే 1969లో చేతికొచ్చింది.

అదే 1969లో అలన్ పెర్ల్‌మన్ ఆర్ప్ పెట్టారు. ఇప్పుడు అర్థమైంది కదా, 4012 దిమ్మ లోపల ఉన్నది మూగ్ నిచ్చెనే. ఎపాక్సీ పోసింది దాచడానికే అని నేననను. అలా పోస్తే పార్టులన్నీ దాదాపు ఒకే వేడి మీద ఉంటాయి, అనలాగ్ సర్క్యూట్‌కి అది కావాలి కూడా. కానీ పక్కవాడి పేటెంట్ లోపల పెట్టి పైన సీల్ వేస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

మూగ్ వాళ్లకి విషయం తెలిసింది. గొడవ సర్దుబాటైంది, ఆర్ప్ 4072 అనే సొంత ఫిల్టర్‌కి మారింది. అసలు తమాషా ఇక్కడే. కొత్త డిజైన్‌లో లెక్క తప్పింది. కటాఫ్ ఎంత తిప్పినా సుమారు 12 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఫిల్టర్ పూర్తిగా తెరిచినా సౌండ్ కాస్త డల్‌గానే వస్తుంది. కొన్ని రెసిస్టర్ల విలువ మారిస్తే చాలు, ఆ అడ్డు పోతుంది. వింటేజ్ సింథ్‌లు బాగుచేసేవాళ్లలో ఇది చాలా పేరున్న మాడిఫికేషన్.

1981లో ఆర్ప్ మూతపడింది. ఇక దిమ్మ పాడైతే అడగడానికి కంపెనీ లేదు. అందుకే కొందరు ఎపాక్సీని ఓపిగ్గా గీకి లోపలికెళ్లారు, కొందరు అవే పిన్నులతో కొత్త బోర్డులు చేశారు. సోర్స్ కోడ్ పోయిన ప్రోగ్రామ్‌ని బైనరీ చూసి మళ్లీ రాయడం లాంటి పని ఇది. నా దృష్టిలో ఆ 2600లు ఇంకా మోగుతున్నాయంటే సగం క్రెడిట్ వీళ్లదే.

మూగ్ పేటెంట్ గడువు 1986లో తీరింది. జర్మనీలో డోప్‌ఫర్ 1995లో తెచ్చిన ఎ-100 సిస్టమ్‌లో ఎ-120 అనే ఫిల్టర్ ఈ నిచ్చెన పద్ధతిలోదే. ఇప్పుడు మీరూ బ్రెడ్‌బోర్డ్ మీద కట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: ట్రాన్సిస్టర్లను జతలుగా మ్యాచ్ చేసేటప్పుడు వేలితో పట్టుకోకండి. ఒక్క డిగ్రీ వేడికి బేస్-ఎమిటర్ వోల్టేజ్ దాదాపు 2 మిల్లీవోల్ట్‌లు తగ్గుతుంది. సాకెట్‌లో పెట్టి, ఒకట్రెండు నిమిషాలు ఆగి, అప్పుడు రీడింగ్ రాసుకోండి.