సవతి దాచిన వేరు

తెల్లవారితే పుష్యమి నక్షత్రం అనగా, ఇల్లాలు పాఠ అనే తీగ దగ్గరికి వెళ్ళి దాని చుట్టూ మూడేడులు ఇరవై ఒక్క యవగింజలు చల్లాలి. మర్నాడు తీగను పెకలించి, వేరును చేతులకు కట్టుకోవాలి. అది భర్త కంట పడకూడదు. ఆ చేతులతోనే అతణ్ణి కౌగిలించుకోవాలి. అప్పుడు మగడు వశమవుతాడు, సవతులు అణుగుతారు. ఇదేదో మంత్రగత్తె చెప్పిన చిట్కా కాదు, ఆపస్తంబ గృహ్యసూత్రంలోని విధి. తెలుగునాట ఎన్నో బ్రాహ్మణ కుటుంబాలు ప్రవరలో చెప్పుకునేది ఈ సూత్రం పేరే. ఈ తంతులో చదివే మంత్రాలు ఋగ్వేదం పదో మండలం 145వ సూక్తంలోవి. ఆ సూక్తాన్ని దర్శించింది ఇంద్రాణి అంటారు. దేవేంద్రుడి పెళ్ళానికీ తప్పలేదన్నమాట ఈ బెంగ.

మన 'సవతి' సంస్కృత 'సపత్ని' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. శత్రువు అనే అర్థంలో వాడే 'సపత్న' కూడా సపత్ని నుంచి పుట్టిందేనని నిఘంటుకారులు చెబుతారు. పగవాడికి పేరు కావలసి వచ్చినప్పుడు భాష ఇంట్లోకే తొంగి చూసింది.

మహాభారతంలో వేరుముక్క స్థానంలో మంత్రం ఉంది. దేవతలను పిలిచి బిడ్డల్ని కనే మంత్రం కుంతి దగ్గర ఉందని ఆమె సవతి మాద్రికి తెలుసు. నోరు తెరిచి అడగడానికి మనసు రాక భర్త పాండురాజుతో చెప్పించింది. కుంతి ఒక్కసారికి ఒప్పుకుంది. మాద్రి తెలివిగా అశ్వినీదేవతలను తలుచుకుంది. వాళ్ళు జంట కాబట్టి ఒక్క పిలుపుకు ఇద్దరు కొడుకులు పుట్టారు. పాండురాజు మళ్ళీ అడిగితే కుంతి కుదరదంది. ఒకసారికని ఇస్తే ఇద్దర్ని కని నన్ను మోసం చేసింది, ఇంకోసారి ఇస్తే నన్ను మించిపోతుంది అని ఆమె గోడు. అప్పటికే, పెళ్ళికి ముందు కన్న కర్ణుడి సంగతి గుండెల్లో దాచుకున్న మనిషి ఆమె!

ఈ పోరును శాస్త్రకారులు తమ తమ అవసరాన్ని బట్టి చూశారు. ఒక భార్య గుట్టు, ఆమె ఒంటి లోపం, ఏకాంతంలో చెప్పుకున్న నిష్ఠూరం మరో భార్య చెవిన వేయొద్దని వాత్స్యాయనుడు మగవాణ్ణి హెచ్చరించాడు. కౌటిల్యుడికైతే అంతఃపురమంటేనే ప్రాణభయం. విషం కలిపిన పేలాలు పెట్టి కాశీరాజును చంపిన రాణి, జడలో ఆయుధం దాచిన రాణి అంటూ వరసపెట్టి ఉదాహరణలిచ్చాడు.

విజయనగరం దగ్గర కథ ఆసక్తిగా మారుతుంది. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్, కృష్ణదేవరాయలకు పన్నెండుమంది భార్యలనీ, వారిలో ముగ్గురు ముఖ్యులనీ రాశాడు. ఒకరికి ఉన్నదంతా మిగతావారికీ సమానంగా ఉండటంతో వాళ్ళమధ్య పొరపొచ్చాలే రావట, అందరూ మంచి స్నేహితురాళ్ళట. పరాయి మగవాడు చూడడానికి వీల్లేని ఆడవాళ్ళని కూడా ఆయనే రాశాడు. మరి లోపలి మాటలు ఆయనకు చెప్పిందెవరు? తిరుమల ప్రతిమామండపంలో రాయలకు అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. 1513లో ఇద్దరూ స్వామికి పాలగిన్నెలు బంగారంతో చేయించి ఇచ్చారు. శిల్పమూ శాసనమూ పాయెస్ పక్షమే.

అదే కొలువులో ఉన్న నంది తిమ్మన మాత్రం పారిజాతాపహరణం రాశాడు. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిస్తాడు. ఆ కబురు సత్యభామకు చెలికత్తె మోసుకొస్తుంది. (కైకకు పట్టాభిషేకం కబురు తెచ్చిందీ దాసి మంథరే. సవతుల కథల్లో గోడలకు చెవులుండక్కర్లేదు, దాసీలు చాలు.) భామ కోపగృహంలో పడుకుంటుంది, కాళ్ళమీద పడిన మొగుడి తలను ఎడమకాలితో తన్నుతుంది. రాయలకూ తిరుమలదేవికీ వచ్చిన అలక తీర్చడానికే తిమ్మన ఇది రాశాడని చాటుకథ. అది నిజం కానక్కర్లేదు. కానీ ఆ అంతఃపురం గురించి జనం నమ్మదలుచుకున్నది పాయెస్ రాసింది కాదని మాత్రం ఆ కథ చెబుతోంది.

ఇంతవరకూ గుట్టు ఆడవాళ్ళ మధ్యది, పెళ్ళి మాత్రం బహిరంగం. ఇంటిముందు పందిరి వేసి, ఊరందరికీ భోజనాలు పెట్టే రెండో భార్యను తెచ్చుకునేవారు. పిల్లలు కలగకపోతే పెద్దామె స్వయంగా తన చెల్లెల్ని తెచ్చి చేసిన ఇళ్ళూ ఉన్నాయి. భర్త మళ్ళీ పెళ్ళాడితే వేరుగా ఉండి మనోవర్తి తీసుకునే హక్కు హిందూ భార్యకు 1946 చట్టంతో వచ్చింది. అప్పట్లో ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లో హిందువులకు ద్విభార్యాత్వాన్ని నిషేధించింది. 1955 హిందూ వివాహ చట్టం ఆ నిషేధాన్ని దాదాపు దేశమంతటికీ విస్తరించింది.

దాంతో గుట్టు చేతులు మారింది. ఇప్పుడు దాచేది మగవాడు, దాచేది పెళ్ళినే. 2024 వరకు అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతిలో మళ్ళీ పెళ్ళాడినందుకు ఏడేళ్ళ దాకా జైలు, మొదటి పెళ్ళి సంగతి రెండో ఆమెకు చెప్పకుండా దాస్తే పదేళ్ళ దాకా. అసలు నేరం కంటే దాపరికానికే శిక్ష ఎక్కువ. తంతు శాస్త్రోక్తంగా జరిగినట్టు రుజువు కాకపోతే ఆ రెండో పెళ్ళి నేరమే కాదని 1965లో సుప్రీంకోర్టు అంది. ఏడడుగులు లేకుండా ఏ గుళ్ళోనో తాళి కట్టించుకున్నామె అటు చట్టానికీ భార్య కాదు, ఇటు కేసుకూ సాక్ష్యం కాదు.

బీహార్ ప్రభుత్వోద్యోగి ఒకరి విషయంలో కుటుంబ పింఛను ఎవరికన్న తగువు 2000లో అదే కోర్టు తీర్చింది. రెండో ఆవిడకు ఏమీ రాదంది. ఆమె కొడుకులకు మాత్రం, మైనారిటీ తీరేదాకా, మొదటి భార్యతోపాటు వాటా ఉందంది. పాఠ వేరుతో వశం చేసుకోవలసిన మగడు అప్పటికి లేడు. సవతుల పేర్లు కోర్టు కాగితాల మీద ఎదురెదురుగా ఉన్నాయి.