పాత ల్యాప్‌టాప్‌కు కొత్త విండోస్: కొత్తది కొనే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అప్పటి నుంచి చాలా ఇళ్లలో ఒకటే ప్రశ్న: ‘పిల్లల చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్ ఇక పనికిరాదా?’ రిపేరు షాపుకు తీసుకెళ్తే కొందరు చూడకుండానే ‘ఇది పాతదైపోయింది, కొత్తది తీసుకోండి’ అనేస్తున్నారు. అన్నిసార్లూ అది నిజం కాదు. వేలు ఖర్చు పెట్టే ముందు ఒక గంట కూర్చుని ఈ కింది విషయాలు చూసుకుంటే చాలు.

ఆగిపోయింది ఏమిటి?

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, ఇంటర్నెట్ పనిచేస్తుంది. ఆగింది ఒక్కటే, కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే అప్‌డేట్లు. తలుపుకు తాళం ఉంది కానీ, అది పాడైతే బాగుచేసేవాడు లేడన్నమాట. సినిమాలు చూసుకోవడం వరకైతే ప్రమాదం తక్కువే. బ్యాంకు లావాదేవీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆధార్ కాపీలు అన్నీ అందులోనే ఉంటే మాత్రం ఎక్కువ రోజులు అలా వదిలేయకూడదు.

విండోస్ 11 వస్తుందా, రాదా?

అసలైన లైసెన్సుతో నడుస్తున్న విండోస్ 10 ఉంటే, విండోస్ 11కు మారడం ఉచితం. కానీ ల్యాప్‌టాప్‌లో ఇవి ఉండాలి:

– కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ
– యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ సదుపాయం
– టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదా ప్రాసెసర్‌లోనే ఉండే అదే ఏర్పాటు
– మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్

చాలా ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేది చివరి దాని దగ్గరే. ఇంటెల్ కోర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీ రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి. తరం తెలుసుకోవడం తేలికే. ‘ఐ5-8250యూ’ అని ఉంటే గీత తర్వాతి 8 దాని తరం. ‘ఐ5-7200యూ’ అంటే 7వ తరం, కాబట్టి రాదు. ‘ఐ5-1135జీ7’ అంటే 11వ తరం, 1వ తరం కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు.

ఇదంతా ఎందుకు అనుకుంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ వేసుకోండి. వస్తుందో రాదో, రాకపోతే ఏది లేదో అదే చెప్పేస్తుంది.

‘రాదు’ అన్నా ఒకసారి బయోస్ చూడండి

ప్రాసెసర్ సరిపోయినా, టీపీఎం లేదని యాప్ చెప్పవచ్చు. చాలాసార్లు అది ఉంటుంది, కానీ ఆఫ్ చేసి ఉంటుంది. బయోస్‌లో ఇంటెల్ అయితే ‘పీటీటీ’ పేరుతో, ఏఎండీ అయితే ‘ఎఫ్‌టీపీఎం’ పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే పని అయిపోతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందకుండా పోవచ్చు. రెండోది, పాత ‘లెగసీ’ పద్ధతిలో వేసిన విండోస్ ఉంటే, బూట్ మోడ్‌ను యూఈఎఫ్‌ఐకి మార్చగానే ల్యాప్‌టాప్ తెరుచుకోదు. కంగారు పడకుండా పాత సెట్టింగ్‌కు వచ్చేయండి. ముందు డిస్కును జీపీటీ పద్ధతికి మార్చుకోవాలి. ఆ పని తెలిసినవారితో చేయించడం మంచిది.

అన్నిటికంటే ముందు బ్యాకప్

అప్‌గ్రేడ్‌లో ఫైళ్లు మామూలుగా పోవు. కానీ మధ్యలో కరెంటు పోయినా, పాత హార్డ్‌డిస్క్ మొరాయించినా కథ మారిపోతుంది. పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, దుకాణం లెక్కలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరవని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

షాపులో ఇస్తున్నా ఇది మీరే చేయాలి. ‘ఫార్మాట్ చేసి ఇస్తాం’ అంటే అందులోని ఫైళ్లు పోతాయని అర్థం. ‘డేటా ఉంచి అప్‌గ్రేడ్ చేస్తారా, ఫార్మాట్ చేస్తారా’ అని ముందే అడగండి.

ఇన్‌పేజ్, అను ఫాంట్లు వాడేవారికి

డీటీపీ సెంటర్లు, ప్రింటింగ్ ప్రెస్‌లు, మదర్సాలు ఇది తప్పక గమనించాలి. పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ, అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ప్రోగ్రాం గానీ ఆ ఫాంట్ గానీ లేకపోతే, ఏళ్ల తరబడి చేసిన పని అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. అందుకే ముఖ్యమైన ఫైళ్లను ముందే యూనికోడ్‌లోకి మార్చి, ఒక పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకోండి. ఇన్‌స్టాలర్, లైసెన్స్ కీ దగ్గర పెట్టుకోండి. డాంగిల్‌తో నడిచే పాత సాఫ్ట్‌వేర్ ఉంటే, కొత్త విండోస్‌లో దాని డ్రైవర్ పనిచేస్తుందో లేదో అమ్మినవారిని అడిగాకే ముందుకెళ్లండి.

కొత్తగా టైపు చేయడానికి ఇబ్బంది లేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు, ఉర్దూ చేర్చుకుంటే కీబోర్డులు వచ్చేస్తాయి. తెలుగుకు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది.

అప్‌గ్రేడ్ ఇలా

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరవండి. విండోస్ 11 సిద్ధంగా ఉందని చూపిస్తే అక్కడి నుంచే చేసుకోవచ్చు. చూపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లోని ‘ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్’ వాడండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. ల్యాప్‌టాప్ చాలాసార్లు రీస్టార్ట్ అవుతుంది, మధ్యలో ఆపవద్దు. 32 బిట్ విండోస్ 10 ఉన్నవారికి మాత్రం ఈ దారి లేదు. ప్రాసెసర్ సరిపోతే మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

నచ్చకపోతే 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లవచ్చు. సెట్టింగ్స్‌లో ‘రికవరీ’ దగ్గర ‘గో బ్యాక్’ ఉంటుంది. ఈలోగా డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే మాత్రం ఆ అవకాశం పోతుంది.

నెమ్మదిగా ఉంటే

4 జీబీ ర్యామ్ అనేది లెక్కకు సరిపోయేది, పనికి సరిపోయేది కాదు. 8 జీబీ ఉంటే సుఖం. తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత ల్యాప్‌టాప్‌లో అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించేది దీనితోనే. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచడం కుదరదు. కొనే ముందు అది కనుక్కోండి.

విండోస్ 11 రాకపోతే?

ఒకటి: గడువు పొడిగింపు. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉన్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. లేదంటే 1,000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన సొమ్ము. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది.

రెండు: లినక్స్. లినక్స్ మింట్, ఉబుంటు ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడవచ్చు. వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తే అప్పుడు నిర్ణయించుకోండి. బ్రౌజర్, లిబ్రె ఆఫీస్‌తో చదువుకునే పిల్లలకు చాలావరకు సరిపోతుంది. ఇన్‌పేజ్ లాంటి విండోస్ ప్రోగ్రాంలు నేరుగా నడవవు.

మూడు: అడ్డదారి. సరిపోని ల్యాప్‌టాప్‌లోనూ విండోస్ 11 ఎక్కించే కిటుకులు ఉన్నాయి. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే మారుతూ, అవి వస్తాయో రావో తెలియని దారి పట్టడం తెలివైన పని కాదు. క్రాక్ చేసిన విండోస్ అయితే అసలే వద్దు. తాళం బాగుచేయించబోయి తాళంచెవి దొంగ చేతికి ఇచ్చినట్టే.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే అప్పుడు కొత్తది కొనండి. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ప్రాసెసర్ తరం చూడకుండా డబ్బు ఇవ్వకండి. పాతది అమ్మేసే ముందు అందులోని అకౌంట్లు తీసేసి, డిస్కు పూర్తిగా చెరిపేయడం మరిచిపోవద్దు.