షాంపేన్ పేరు ఎవరిది? 1911 నాటి ద్రాక్ష రైతుల తిరుగుబాటు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- షాంపేన్ ప్రాంతంలో ద్రాక్ష రైతులకు, వర్తక సంస్థలకు మధ్య ఏర్పడిన ఆర్థిక సంబంధాన్ని వివరించగలుగుతారు.
- 1911 అల్లర్లకు దారితీసిన కారణాలను విశ్లేషించగలుగుతారు.
- ఒక ఊరి పేరు, ప్రాంతం పేరు చట్టబద్ధమైన ఆస్తిగా ఎలా మారిందో తెలుసుకుంటారు.

1. పరిచయం

వేడుకల్లో సీసా మూత ఎగిరి నురగ పొంగితే చాలు, దాన్ని షాంపేన్ అనేస్తాం. నిజానికి అది ఒక ప్రాంతం పేరు. ఫ్రాన్స్‌లో, పారిస్‌కు తూర్పున ఉన్న షాంపేన్ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడే, నిర్ణీత పద్ధతిలో తయారైన వైన్‌కే ఆ పేరు చెల్లుతుంది. ఈ నియమం ఏ ప్రభుత్వ కార్యాలయంలోనో ప్రశాంతంగా పుట్టలేదు. దాని వెనక పంట పోయి అప్పులపాలైన రైతులు ఉన్నారు, తగలబడిన గోదాములు ఉన్నాయి, గ్రామాల్లో దిగిన సైన్యం ఉంది.

2. తయారీ పద్ధతి, దాని ఆర్థిక ఫలితం

షాంపేన్‌ది చల్లని వాతావరణం, సుద్దరాయి నేల. పినో న్వార్, మ్యునియే అనే నల్ల ద్రాక్ష, షార్డొనే అనే తెల్ల ద్రాక్ష ఇక్కడి ప్రధాన రకాలు. రసాన్ని ఒకసారి పులియబెట్టాక సీసాల్లో నింపి, కొద్దిగా చక్కెర, ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. సీసాలోనే రెండోసారి పులిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక వైన్‌లో కలిసిపోతుంది. బుడగలకు కారణం అదే.

ఈ బుడగలను ఓవిలేర్ మఠానికి చెందిన సన్యాసి దోమ్ పెరిన్యోఁ (1638–1715) కనిపెట్టాడనే కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులు దీన్ని అంగీకరించరు. ఆయన కాలంలో బుడగలు రావడం ఒక లోపం, సీసాలు పగిలిపోయేవి. వేర్వేరు తోటల ద్రాక్షను నేర్పుగా మేళవించడం ఆయన గొప్పతనం. 1805లో భర్త చనిపోయాక వ్యాపారం చేపట్టిన వితంతువు క్లికో హయాంలో, సీసాలను తలకిందులుగా నిలిపి తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి చేర్చే పద్ధతి రూపుదిద్దుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ పద్ధతికి గట్టి సీసాలు, లోతైన నేలమాళిగలు, నైపుణ్యం గల పనివారు కావాలి. సరుకు అమ్ముడయ్యేదాకా ఏళ్ల తరబడి పెట్టుబడి నిలిచిపోతుంది. చిన్న రైతుకు ఇది అందే పని కాదు. కాబట్టి ద్రాక్ష పండించేవారు ఒక వర్గంగా, వైన్ తయారుచేసి అమ్మేవారు మరో వర్గంగా విడిపోయారు. రాన్స్, ఎపెర్నే పట్టణాల్లోని వర్తక సంస్థలు సంపన్నమయ్యాయి. కోసిన ద్రాక్ష రెండు రోజులు కూడా నిలవదు. అందువల్ల కోతల సమయంలో కొనేవాడు చెప్పిందే ధర అయ్యేది.

3. సంక్షోభానికి దారితీసిన కారణాలు

మొదటి కారణం ఫిలోక్సెరా. అమెరికా నుంచి వచ్చిన ఈ వేరు పురుగు 1860ల నుంచి ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతపు తోటలను నాశనం చేసింది. 1890ల నాటికి షాంపేన్‌కూ చేరింది. పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్లపై స్థానిక రకాలను అంటుకట్టడం ఒక్కటే మార్గమని తేలింది. అంటే పాత తోట పీకి కొత్త తోట వేయాలి, పంట చేతికొచ్చేదాకా కొన్నేళ్లు ఆగాలి. రైతులు అప్పుల్లో పడ్డారు.

రెండో కారణం బయటి ద్రాక్ష. రైలు సౌకర్యం పెరగడంతో కొన్ని సంస్థలు లువార్ లోయ నుంచి, దక్షిణ ఫ్రాన్స్ నుంచి చౌకగా ద్రాక్షను, వైన్‌ను తెప్పించి షాంపేన్ పేరుతోనే అమ్మాయి. స్థానిక పంట తగ్గినా ధర పెరగకపోవడానికి ఇదే కారణమని రైతులు గ్రహించారు.

మూడో కారణం వాతావరణం. 1910లో వానలు, తెగుళ్లు కలిసి పంటను దాదాపు పూర్తిగా తుడిచిపెట్టాయి.

4. గీసిన గీత, రగిలిన మంట

మోసాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 1908 డిసెంబరులో షాంపేన్ సరిహద్దులు నిర్ణయించింది. మార్న్ జిల్లాలోని తోటలు, పక్కనున్న ఎన్ జిల్లాలో కొంత భాగం అందులో చేరాయి. దక్షిణాన ఉన్న ఓబ్ జిల్లాను వదిలేశారు. ఓబ్ రైతులకు ఇది అవమానంగా తోచింది. ఆ జిల్లాకు కేంద్రమైన త్రువా నగరం పూర్వం షాంపేన్ ప్రభువుల రాజధాని. మార్న్ రైతుల వాదన వేరు. ఓబ్ నేల సుద్దరాయి నేల కాదని, అక్కడ గామే అనే తక్కువ రకం ద్రాక్ష ఎక్కువని వారన్నారు. ఒకరు చరిత్రను, మరొకరు నేలను సాక్ష్యంగా నిలబెట్టారు. ఇద్దరి వాదనలోనూ నిజం ఉంది.

1911 జనవరిలో దామెరి, ఓవిలేర్ గ్రామాల్లో రైతులు బయటి సరుకు దిగుమతి చేసుకున్నవారిపై దాడిచేసి పీపాల్లోని వైన్‌ను పారబోశారు. ఫిబ్రవరిలో ప్రభుత్వం చట్టాన్ని కఠినం చేయగానే ఓబ్ రైతులు త్రువాలో భారీ ప్రదర్శనలు జరిపారు. దానికి తలొగ్గి ఏప్రిల్ 11న సెనెట్ సరిహద్దుల రద్దుకు మొగ్గుచూపింది. ఆ వార్త అందిన రాత్రే మార్న్ లోయ భగ్గుమంది. ఏప్రిల్ 12న ఆయి పట్టణంలో వర్తకుల ఇళ్లు, గోదాములు తగలబడ్డాయి, వైన్ వీధుల్లో పారింది. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. జూన్‌లో ఓబ్‌ను 'షాంపేన్ రెండో మండలం'గా ప్రకటించి రాజీకి ప్రయత్నించింది. ఆ 'రెండో' అనే మాట ఎవరినీ తృప్తిపరచలేదు.

5. పరిష్కారం

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. తోటల మధ్యే యుద్ధరంగం ఏర్పడింది. బాంబుల వర్షం నుంచి రాన్స్ ప్రజలు సుద్దరాయి నేలమాళిగల్లో తలదాచుకున్నారు. యుద్ధం తరవాత 1919 చట్టం ఉత్పత్తి స్థలం పేరును కోర్టుల రక్షణ కిందికి తెచ్చింది. 1927 చట్టం ఓబ్‌ను షాంపేన్‌లో పూర్తి భాగంగా గుర్తించింది. అయితే గామే తీగలను నిర్ణీత గడువులో తొలగించాలని షరతు పెట్టింది. అంటే చరిత్ర వాదనను, నాణ్యత వాదనను కలిపింది. 1935లో ఫ్రాన్స్ ప్రభుత్వం మూలస్థాన పేర్ల నియంత్రణ వ్యవస్థను దేశమంతటికీ నెలకొల్పింది. 1936లో షాంపేన్ అందులో చేరింది. 1941లో రైతులు, వర్తకులు కలిసి కూర్చునే ఉమ్మడి సంఘం ఏర్పడింది.

6. భారతదేశానికి సంబంధం

ఈ ఆలోచన 1994 నాటి ట్రిప్స్ ఒప్పందం ద్వారా అంతర్జాతీయ చట్టంలో భాగమైంది. దానికి అనుగుణంగా భారతదేశం 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టం చేసింది. అది 2003లో అమల్లోకి వచ్చింది. డార్జిలింగ్ టీ మొదటి గుర్తింపు పొందగా, తరవాత పోచంపల్లి ఇక్కత్, బంగినపల్లి మామిడి వంటివి చేరాయి. అయితే ట్రిప్స్ 23వ అధికరణం వైన్‌లకు, మద్యాలకు మాత్రమే అదనపు రక్షణ ఇస్తుంది. దాన్ని ఇతర ఉత్పత్తులకూ విస్తరించాలని భారత్ వంటి దేశాలు కోరుతున్నాయి. పోచంపల్లి డిజైన్‌ను మరోచోట మరమగ్గంపై అచ్చేసి అదే పేరుతో అమ్మితే చేనేత కార్మికుడు నష్టపోయేది, 1910లో మార్న్ రైతు నష్టపోయినదీ ఒకటే: తన ఊరి పేరుకున్న విలువ.

7. సారాంశం

షాంపేన్ ఉద్యమం కేవలం కల్తీపై పోరాటం కాదు. పేరు వల్ల వచ్చే లాభం ఎవరికి చెందాలి, సరిహద్దు ఎవరు గీయాలి అనేవి అందులోని అసలు ప్రశ్నలు. సరిహద్దు లోపలివారికి రక్షణ ఇస్తుంది, బయటివారిని నష్టపరుస్తుంది. ఓబ్ రైతుల అనుభవం దీన్ని గుర్తుచేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. షాంపేన్‌లో రైతులు, వర్తకులు వేర్వేరు వర్గాలుగా ఎందుకు విడిపోయారు?
2. ఓబ్, మార్న్ రైతుల వాదనలను పోల్చండి. మీరు ఏ వాదనను సమర్థిస్తారు? కారణాలు రాయండి.
3. మీ జిల్లాలో భౌగోళిక గుర్తింపు పొందిన ఒక ఉత్పత్తిని ఎంచుకొని, దాని సరిహద్దు వల్ల ఎవరికి మేలు జరిగిందో, ఎవరు బయట మిగిలారో పరిశీలించండి.